ఆగిపోతున్న ఊపిరిని వెనక్కి తెచ్చే మందు: నాలోక్సోన్, ఓపియాయిడ్ వ్యసనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒహాయోలో ఒక మందుల దుకాణంలో చాలా ఏళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. వీలైన ఆదివారాల్లో గుడి భోజనశాలలో, వడ్డనలు ముగిశాక, ఒక బల్ల మీద నాలోక్సోన్ స్ప్రే పెట్టి వాడే పద్ధతి చూపిస్తుంటాను. అందరి ముందు అడిగే ప్రశ్నలు తక్కువ. చెప్పులు వేసుకునే చోటో, కారు దగ్గరో గొంతు తగ్గించి అడిగేవే ఎక్కువ. అవి చాలావరకు "మా ఇంట్లో కాదు, తెలిసినవాళ్ల అబ్బాయి" అని మొదలవుతాయి. అలా విన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

నాలోక్సోన్ అంటే ఏమిటి?

హెరాయిన్, ఫెంటనిల్, మార్ఫిన్, ఆక్సికోడోన్ వంటి మందులు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నప్పుడు వాటి ప్రభావాన్ని కొన్ని నిమిషాల్లో తీసేసే విరుగుడు ఇది. మోజెస్ లెవెన్‌స్టైన్, జాక్ ఫిష్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1961లో దీనికి పేటెంటు కోరారు. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. చాలాకాలం ఆసుపత్రుల్లో, అంబులెన్సుల్లో ఇంజెక్షన్‌గానే ఉండేది. 1996లో షికాగోలో డాన్ బిగ్ అనే కార్యకర్త, ఆయన సహచరులు దీన్ని నేరుగా మత్తుమందు వాడేవాళ్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. పక్కవాడు పడిపోతే మొదట చూసేది వాళ్లే కదా. నార్కాన్ అనే పేరుతో అమ్మే, ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రేకు 2015లో అనుమతి వచ్చింది. 2023 మార్చిలో, డాక్టరు చీటీ లేకుండానే అమ్మవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఆ సెప్టెంబరు నుంచి జ్వరం మాత్రలు అమ్మే అరలోనే అదీ కనిపిస్తోంది.

జాక్ ఫిష్‌మన్ గురించి ఒక మాట చెప్పాలి. 2003లో ఆయన సవతి కొడుకు హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. విరుగుడు కనిపెట్టిన మనిషి కుటుంబంలోనే ఆ చావు జరిగింది. "చదువుకున్న కుటుంబం, మంచి పెంపకం, మాకెందుకు వస్తుంది" అనేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఓపియాయిడ్లు అంటే ఏవి?

మన వంటింటి గసగసాలు ఏ మొక్క గింజలో, ఆ మొక్క కాయను గాటుపెడితే కారే పాలే నల్లమందు. అందులోంచి మార్ఫిన్, కోడీన్ వస్తాయి. మార్ఫిన్‌ను కొంచెం మార్చి తయారుచేసినది హెరాయిన్. దాన్ని 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా అమ్మింది. మొక్కతో పనిలేకుండా ప్రయోగశాలలో చేసినవి ట్రామడాల్, మెథడోన్, ఫెంటనిల్. ఫెంటనిల్‌ను 1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేశాడు. శస్త్రచికిత్సల్లో, క్యాన్సర్ నొప్పిలో ఇది గొప్ప మందు. కానీ 2 మిల్లీగ్రాములు, అంటే చిటికెడులో చిటికెడు ఉప్పంత, అలవాటు లేని మనిషి ప్రాణం తీయగలదు. అమెరికాలో మోతాదు మించి జరుగుతున్న ఇప్పటి చావుల్లో పెద్ద భాగం దొంగచాటుగా తయారైన ఈ ఫెంటనిల్ వల్లే.

మోతాదు మించితే మనిషి ఎలా చనిపోతాడు? చూసి గుర్తుపట్టగలమా?

రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే "ఊపిరి తీసుకో" అని మెదడు కింది భాగం మనకు తెలియకుండానే ఆజ్ఞ ఇస్తుంటుంది. నిద్రలోనూ ఆ కాపలా ఆగదు. ఓపియాయిడ్లు ఆ కాపలాదారునే మత్తులో ముంచుతాయి. ఊపిరి నెమ్మదిస్తుంది, మధ్యలో ఆగుతుంది, చివరికి రాదు. నొప్పి లేదు, కేక లేదు, పెనుగులాట లేదు. అందుకే పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు.

గుర్తులు మూడు. మనిషి లేవడు, ఊపిరి బాగా తక్కువగా ఉంటుంది, కంటిపాప ఆవగింజంత చిన్నదవుతుంది. పెదవులు, గోళ్లు నీలమవుతాయని పుస్తకాల్లో ఉంటుంది. మన చాయ ఉన్నవాళ్లలో అది నీలంగా కాక బూడిదరంగులో కనిపిస్తుంది. కింది పెదవి లోపలివైపు, గోళ్ల కింద చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం గురక. నీళ్లలో బుడగలు వస్తున్నట్టు గరగరమనే శబ్దం. ఒక తండ్రి నాతో అన్నారు: "రాత్రి రెండింటికి వాడి గది ముందు నుంచి వెళ్లాను. గట్టిగా గురక వినిపించింది. పాపం, చాలా రోజులకు బాగా నిద్రపోతున్నాడు అనుకుని తలుపు మెల్లగా దగ్గరికి వేశాను." ఆ మాట చెప్పిన ఆయన చెయ్యి ఇంకా తలుపు దగ్గరికి వేస్తున్నట్టే కదలడం నేను చూశాను. ఎప్పుడూ గురకపెట్టని మనిషి అలా గురకపెడితే తలుపు తీయండి, కుదపండి. ఊరికే నిద్రే అయితే విసుక్కుంటాడు, అంతే.

అప్పుడు వరసగా ఏం చేయాలి?

పేరు పెట్టి గట్టిగా పిలవండి. రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. కదలకపోతే 911కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి పక్కన పెట్టండి. భారతదేశంలో అయితే 108.

స్ప్రే రేకు చించండి. "పనిచేస్తుందో లేదో" అని గాలిలో నొక్కి చూడవద్దు. అందులో ఉండేది ఒక్క మోతాదే. మా బల్ల దగ్గర పదిమందిలో ముగ్గురు ఇదే పొరపాటు చేస్తారు, అందుకే మందు లేని నమూనా స్ప్రేతో నేర్పిస్తాను. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచండి. మీ రెండు వేళ్లు ముక్కుకు తగిలేదాకా గొట్టాన్ని ఒక ముక్కు రంధ్రంలోకి పోనిచ్చి, బొటనవేలితో అడుగున గట్టిగా నొక్కండి. అతను పీల్చనక్కరలేదు, ముక్కు లోపలి పొర మందును తీసుకుంటుంది.

తరువాత నోటితో ఊపిరి ఇవ్వండి. ముక్కు మూసి, 5 సెకన్లకు ఒకటి చొప్పున, అతని రొమ్ము పైకి లేచేలా ఊదండి. చాలామంది స్ప్రే కొట్టి చేతులు కట్టుకుని నిలబడతారు. అతనికి కావలసింది ప్రాణవాయువు, మందు పనిచేసేదాకా దాన్ని అందించేది మీరే. 2, 3 నిమిషాల్లో మార్పు రాకపోతే రెండో స్ప్రే రెండో ముక్కు రంధ్రంలో కొట్టండి. ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు.

చన్నీళ్లు చల్లడం, మజ్జిగ తాగించడం, ఉప్పునీళ్లతో కక్కించడం వద్దు. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన ఏ ద్రవమైనా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు. ఇక అంబులెన్సు ఎందుకు?

ఈ ప్రశ్నకు ఆర్టీసీ బస్సుతో జవాబు చెబుతాను. మెదడులో ఓపియాయిడ్లు కూర్చునే సీట్లు కొన్ని ఉంటాయి. ఆ సీట్లు ఉన్నాయని 1973లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ చూపించారు. మత్తుమందు ఆ సీట్లో కూర్చుంటేనే పనిచేస్తుంది. నాలోక్సోన్ వచ్చి దాన్ని లేపి తాను కూర్చుంటుంది. కూర్చుని ఏమీ చేయదు, రుమాలు వేసి సీటు ఆపినట్టు అంతే. అయితే ఆ ప్రయాణికుడు 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతాడు. లేపేసిన పాతవాడు బస్సు దిగలేదు, నడవలో నిలబడే ఉన్నాడు. సీటు ఖాళీ కాగానే మళ్లీ కూర్చుంటాడు. మళ్లీ మత్తు కమ్మి, మళ్లీ ఊపిరి ఆగవచ్చు. అందుకే "బాగానే ఉన్నాను, వెళ్లి పడుకుంటా" అంటే పడుకోనివ్వకండి. అంబులెన్సు వచ్చేదాకా పక్కనే ఉండండి.

బతికించిన నన్నే తిట్టాడు. ఎందుకు?

సీట్లన్నీ ఒక్కసారి ఖాళీ అయితే శరీరం తల్లడిల్లుతుంది. చెమటలు, వాంతులు, వణుకు, చెప్పలేని ఆందోళన ఒక్కసారిగా వస్తాయి. రోజుల మీద రావలసిన బాధ రెండు నిమిషాల్లో వచ్చిపడుతుంది. ఆ తిట్లు బాధలోంచి వచ్చినవి. మనసులో పెట్టుకోకండి. బాధ తగ్గడానికి మళ్లీ మత్తుమందు తీసుకుంటానని బయలుదేరితే బతిమాలి ఆపండి. ఆ గంటలో మళ్లీ తీసుకోవడం చాలా ప్రమాదం.

ఏం తీసుకున్నాడో తెలియదు. గంజాయికి, మద్యానికి, నిద్రమాత్రలకు పనిచేస్తుందా?

పనిచేయదు. ఓపియాయిడ్ సీట్ల దగ్గరే దాని పని. అయినా తెలియనప్పుడు ఇవ్వండి. ఓపియాయిడ్ లేని శరీరంలో అది దాదాపు ఏమీ చేయదు. మద్యంతో కలిపి తీసుకుని ఉంటే ఓపియాయిడ్ వంతు తగ్గుతుంది, అదే ప్రాణం నిలపవచ్చు. అమెరికాలో ఈమధ్య ఫెంటనిల్‌లో జైలాజీన్ అనే పశువుల మత్తుమందు కలుపుతున్నారు. దానికి నాలోక్సోన్ విరుగుడు కాదు. ఊపిరి తిరిగివచ్చినా మనిషి మగతగానే ఉండవచ్చు. మీ లక్ష్యం ఊపిరి. కళ్లు తెరవలేదని స్ప్రే మీద స్ప్రే కొట్టకండి.

తెలంగాణ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కల్తీ కల్లు గురించి అడిగారు. ఆ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. ఇవి నిద్రమాత్రల జాతి, నాలోక్సోన్ వాటి జోలికి పోదు. కానీ వ్యసనం గురించి ఆ ఊళ్లు నేర్పిన పాఠం పెద్దది. 2015లో ప్రభుత్వం దాడులు చేసి కల్తీని ఒక్కసారిగా ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం వణుకుతో, మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. పొలం పని చేసుకుని సాయంత్రం ఒక సీసా తాగి పడుకునేవాళ్లు వాళ్లు. తమకు వ్యసనం ఉందనే వాళ్లకు తెలియదు. ఆ మందులను గాని, మద్యాన్ని గాని హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

911కు చేస్తే పోలీసులు వస్తారు. వీసా సంగతి ఏమిటి?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది. నలుగురు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, ఒకడు పడిపోతాడు, మిగిలిన ముగ్గురు వీసా గురించి ఆలోచిస్తూ నిలబడతారు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో, ప్రాణాపాయంలో సాయం కోసం ఫోన్ చేసినవారికి, పడిపోయినవారికి మత్తుమందు దగ్గర ఉంచుకున్న కేసుల నుంచి కొంత రక్షణ ఇచ్చే చట్టాలున్నాయి. ఎంత రక్షణ అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీ రాష్ట్రం చట్టం ఈరోజే చదివి పెట్టుకోండి. అయితే అవి రాష్ట్ర చట్టాలు, వలస చట్టం కేంద్రానిది. కాబట్టి ఏ చిక్కూ రాదని నేను మాట ఇవ్వలేను. వీసా చిక్కుకు వకీలు ఉంటాడు, వాయిదా ఉంటుంది. ఆగిన ఊపిరికి నాలుగైదు నిమిషాలే గడువు. ఫోన్ చేయండి. "ఒక మనిషి ఊపిరి తీసుకోవడం లేదు" అని చిరునామా చెబితే చాలు, ఫోన్లో మరేమీ చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో అలాంటివారెవరూ లేరు. మాకెందుకు?

జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు ఇచ్చిన హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రలు సగం మిగిలి బాత్రూం అరలో ఉన్నాయా? ఊరి నుంచి వచ్చిన అమ్మగారి సంచిలో మోకాళ్ల నొప్పికి ట్రామడాల్ ఉందా? రెండేళ్ల పాపకు అది చాక్లెట్‌లాగే కనిపిస్తుంది. మిగిలిన మాత్రలు మందుల దుకాణంలో పెట్టిన పెట్టెలో వేసేయండి, వాడేవి తాళంలో పెట్టండి. ట్రామడాల్ ఎక్కువైతే మూర్ఛలు కూడా వస్తాయి. నాలోక్సోన్ ఊపిరికి సాయపడుతుంది కానీ మూర్ఛను ఆపదు. అందుకే ఆసుపత్రి తప్పదు.

ఇక పిల్లలు. పరీక్షల ముందు రాత్రంతా చదవడానికి ఎవరో ఇచ్చిన అడరాల్ (ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసే మందు) మాత్ర వేసుకునే విద్యార్థులు మత్తుకు అలవాటు పడినవాళ్లు కారు. 2022 మేలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. అడరాల్ అనుకుని వేసుకున్న నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ ఉంది. అచ్చు మాత్రలాగే రంగు, గీత, అంకె అన్నీ ఉంటాయి. కంటితో తేడా కనిపెట్టడం నాకూ సాధ్యం కాదు, ఇన్నేళ్లుగా మాత్రలు లెక్కపెడుతున్నదాన్ని. నకిలీ మాత్రలు పరీక్షించినప్పుడు 10లో 7 వాటిలో ప్రాణాంతకమైన మోతాదు ఉందని అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ 2023లో చెప్పింది. 2024 నాటికి అది 10లో 5 అయింది. సగం అంటే నాణెం ఎగరేసినట్టే. అమెరికాకు చదువుకు వస్తున్న మన పిల్లలకు పచ్చళ్లు, పొడులు కట్టి పంపేటప్పుడు ఈ ఒక్క సంగతి కూడా చెప్పి పంపండి: మందుల దుకాణం సీసాలోంచి, తన పేరు మీద రాని మాత్ర ఏదీ వేసుకోకూడదు.

ఇంట్లో విరుగుడు ఉందని తెలిస్తే ఇంకా ధైర్యంగా వాడరా?

బావి గట్టున తాడు ఉందని ఎవరూ బావిలో దూకరు. నాలోక్సోన్ అనుభవం హాయిగా ఉండదని పైన చెప్పాను. దాని కోసం ఎవరూ ఎదురుచూడరు. అమెరికాలో 2023లో మోతాదు మించి సుమారు 1,05,000 మంది చనిపోయారు. 2024లో అది సుమారు 80,000కు తగ్గింది. కారణాలు చాలా ఉన్నాయి. ఊరూరా నాలోక్సోన్ అందుబాటులోకి రావడం వాటిలో ఒకటని ఈ రంగంలో ఉన్నవాళ్లు చెబుతారు, నేనూ నమ్ముతాను.

వ్యసనం జబ్బా, మనోబలం లేకపోవడమా?

ముందు మాట దగ్గర ఆగుదాం. మనం "వ్యసనం" అంటే చెడు అలవాటు అనుకుంటాం, సప్తవ్యసనాలు గుర్తొస్తాయి. కానీ ఆ మాటకు ఆపద, దుఃఖం అని కూడా అర్థం. "వ్యసనపడకు" అంటే బాధపడకు అనే పాత వాడుక మన పెద్దల నోట ఉండేది. ఒకే మాటలో అలవాటూ దుఃఖమూ రెండూ ఉన్నాయి. నేను చూసినవాళ్లలోనూ ఆ రెండూ విడిగా కనిపించలేదు.

శరీరంలో జరిగేది ఇది. మనకు సొంతంగా తయారయ్యే మార్ఫిన్ వంటి పదార్థాలున్నాయి. అమ్మ తల నిమిరినప్పుడు, దెబ్బ తగిలిన నొప్పి కాసేపటికి సర్దుకున్నప్పుడు పనిచేసేవి అవే. బయటినుంచి వందల రెట్లు వచ్చిపడితే శరీరం తన సొంత తయారీ తగ్గించుకుంటుంది, సీట్లూ మొద్దుబారతాయి. కొన్నాళ్లకు మందు లేకపోతే మామూలుగా కూడా ఉండలేని స్థితి వస్తుంది. మొదట సుఖం కోసం తీసుకున్నది, తరువాత బాధ లేకుండా మంచం దిగడానికి తీసుకుంటాడు. ఇది శారీరకంగా ఆధారపడటం. వ్యసనం ఇంకో మెట్టు లోతు. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా, వద్దని తానే ఏడుస్తున్నా, చెయ్యి అటే పోతుంది. ఏది ముఖ్యమో తూకం వేసే మెదడు యంత్రాంగమే వంకరపోయింది కాబట్టి.

మరి తీసుకున్న అందరికీ ఎందుకు పట్టదు? దాదాపు సగం వంతు పుట్టుకతో వచ్చిన జన్యువులది. మిగతాది చిన్నప్పటి గాయాలు, ఒంటరితనం, దిగులు, ఎంత సులువుగా దొరుకుతుందన్నది. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. అక్కడ ఉండగా దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసయ్యారు. ఇంటికి వచ్చాక మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసైనవారు నూటికి 5 మందే. మందు అదే, మనుషులు వాళ్లే. చుట్టూ ఉన్న జీవితం మారింది. కాబట్టి జబ్బే, కానీ ఒంట్లో మాత్రమే ఉండే జబ్బు కాదు.

మనోబలం అంటారు. ధర్మరాజుకు మనోబలం లేదా? జూదంలో సర్వం పోగొట్టుకుని, ద్రౌపది వరాలతో విడుదలై, ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేయగా ఇంటిదారి పట్టినవాడు, మళ్లీ పిలుపు రాగానే వెనక్కి తిరిగి వెళ్లి పాచికలు పట్టాడు. ఆ కథ విని మనం ధర్మరాజును ధర్మరాజనే పిలుస్తున్నాం. మన పక్కింటి కుర్రాణ్ణి మాత్రం ఒక్క మాటతో కొట్టిపారేస్తాం.

ఆరు నెలలు మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అంతా వృథాయేనా?

వృథా కాదు. మధుమేహం అదుపులోకి వచ్చి మళ్లీ పెరిగితే చికిత్స వృథా అనం. ఇక్కడ మాత్రం ఒక పెద్ద ప్రమాదం ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి. మానేసిన కాలంలో శరీరం తట్టుకునే శక్తి పోతుంది. పాత మోతాదే ఇప్పుడు చంపే మోతాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారి మీద 2007లో వెలువడిన పరిశోధనలో, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన రోజు పూలదండ కన్నా ముందు ఇంట్లో నాలోక్సోన్ ఉండాలి. తలుపు గడియ వేసుకోవద్దని చెప్పండి. "మళ్లీ తీసుకుంటే ఇంట్లోకి రానివ్వం" అన్న బెదిరింపు అతణ్ణి మానిపించదు, ఒంటరిగా తీసుకునేలా చేస్తుంది. ఒంటరిగా పడిపోయినవాడి ముక్కులో స్ప్రే కొట్టేవాళ్లు ఉండరు.

వ్యసనం చికిత్సలో బుప్రెనార్ఫిన్, మెథడోన్ ఇస్తారట. ఒక మత్తు తీసి ఇంకో మత్తు అంటగట్టడం కాదా?

మళ్లీ బస్సు దగ్గరికి వెళదాం. బుప్రెనార్ఫిన్ సీట్లో కదలకుండా కూర్చుంటుంది, కానీ గొడవ చేయని ప్రయాణికుడు. మత్తు ఎక్కించదు, బాధ రానివ్వదు, వేరేవాళ్లకు సీటు ఇవ్వదు. మనిషి ఉద్యోగానికి వెళ్తాడు, పిల్లల్ని బడిలో దింపుతాడు. ఈ రెండు మందులు వాడేవారిలో చావులు దాదాపు సగానికి తగ్గుతాయి. మెథడోన్ చికిత్స 1960ల నుంచి ఉంది, బుప్రెనార్ఫిన్‌ను ఈ చికిత్సకు అమెరికా 2002లో అనుమతించింది. ఏళ్ల తరబడి వాడవలసి రావచ్చు. బీపీ మాత్ర కూడా ఏళ్ల తరబడే వాడతాం. "ఎప్పుడు ఆపేస్తారు" అని ప్రతి పండక్కీ అడిగే బంధువుల వల్లే మందు మానేసి పడిపోయినవాళ్లను నేను చూశాను.

క్యాన్సర్ ఉన్న నాన్నగారికి మార్ఫిన్ రాశారు. వ్యసనం అవుతుందని భయం.

ఇవ్వండి. డాక్టరు చెప్పిన మోతాదులో, ఆ నొప్పికి, మార్ఫిన్ దయ. శరీరం దానికి అలవాటు పడుతుంది, కానీ అది వ్యసనం కాదని పైన చెప్పిన తేడా గుర్తుచేసుకోండి. ఈ భయంతోనే మన దేశంలో ఎందరో నొప్పితో మెలికలు తిరుగుతూ వెళ్లిపోయారు. మార్ఫిన్ దొరకడం సులువు చేయడానికి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది.

పెళ్లి చేస్తే, లేదా ఇండియా పంపిస్తే బాగుపడతాడా?

పెళ్లి చికిత్స కాదు. తెలియని ఒక ఆడపిల్లను విరుగుడుగా వాడటం ఆమెకు చేసే అన్యాయం. సంగతి దాచి చేసిన పెళ్లి మరీ అన్యాయం.

ఇండియా పంపడం గురించి కాస్త జాగ్రత్తగా చెబుతాను. చుట్టూ ఉన్న జీవితం మారితే మేలు జరగవచ్చు, వియత్నాం సైనికుల సంగతి చెప్పాను కదా. కానీ చికిత్స ఆపించి, పాస్‌పోర్టు దాచి, తాతగారి ఊళ్లో గదిలో పెడితే అది మార్పు కాదు. కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో కొట్టడం, కట్టేయడం జరిగిన సంగతులు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చేర్చే ముందు కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు రోజూ ఉంటారా, మీరు వెళ్లి మాట్లాడనిస్తారా, బుప్రెనార్ఫిన్ ఇస్తారా అని అడగండి. చూడనివ్వం అంటే చేర్చకండి.

భారతదేశంలో ఈ సమస్య నిజంగా ఉందా? నాలోక్సోన్ దొరుకుతుందా?

ఉంది. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో నూటికి 2 మందికి పైగా ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని, సుమారు 77 లక్షల మందికి అది సమస్యగా మారిందని అందులో ఉంది. వీళ్లలో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పంజాబ్ గురించి మాట్లాడుకుని తృప్తిపడే మనం ఆ పేరు చదివి ఆగాలి.

నాలోక్సోన్ ఇంజెక్షన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఆసుపత్రుల్లో వాడతారు. అమెరికాలో లాగా ఇంటింటికీ చేరలేదు. అందుకే భారతదేశంలో మీ చేతిలో ఉన్న ఆయుధం 108, నోటితో ఇచ్చే ఊపిరి. అంబులెన్సు వచ్చేదాకా 5 సెకన్లకు ఒకటి. ఇది నేర్చుకోవడానికి మందు అక్కరలేదు.

చట్టం భయం ఉన్నవారికి: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్నవారు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్తే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. దీన్ని వకీళ్లు కూడా తరచు మరిచిపోతారు.

గసగసాలు తింటే మత్తు పరీక్షలో పట్టుబడతామా?

పట్టుబడవచ్చు. గింజల మీద అంటుకున్న కొద్దిపాటి మార్ఫిన్ మూత్ర పరీక్షలో కనిపించిన సందర్భాలున్నాయి. ఉద్యోగ పరీక్ష ఉంటే ముందు కొన్ని రోజులు గసగసాల కూర మానండి. దుబాయి, సౌదీ వెళ్లేవారు సామానులో గసగసాలు అస్సలు పెట్టకండి. అక్కడ అవి నిషిద్ధం. ట్రామడాల్ విషయంలోనూ గల్ఫ్ దేశాల్లో ముందస్తు అనుమతి చూసుకోండి.

స్ప్రే ఎక్కడ దొరుకుతుంది, ఎవరితో మాట్లాడాలి?

అమెరికాలో మందుల దుకాణంలో రెండు స్ప్రేల పెట్టె దొరుకుతుంది, 2023లో చీటీ లేకుండా అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర సుమారు 45 డాలర్లు ఉండేది. కౌంటీ ఆరోగ్య శాఖ, చాలా గ్రంథాలయాలు, కాలేజీ ఆరోగ్య కేంద్రాలు ఉచితంగా ఇస్తాయి, పేరు అడగనివీ ఉన్నాయి. కారులో వదిలేయకుండా ఇంట్లో, అందరికీ తెలిసిన చోట పెట్టండి. తాళం వేయకండి. గడువు తేదీ దాటిందే దగ్గరుంటే అదే కొట్టండి, ఏమీ లేకపోవడం కన్నా మేలు.

చికిత్స ఎక్కడ దొరుకుతుందో అమెరికాలో 1-800-662-4357 చెబుతుంది, రాత్రీ పగలూ ఉచితంగా. మనసు బాగా కుంగితే 988. భారతదేశంలో మత్తు మానడానికి సాయం కోసం 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఫోన్ చేసేది వాడే మనిషే కానక్కరలేదు, తల్లి చేయవచ్చు, గదిలో ఉండే స్నేహితుడు చేయవచ్చు. "తెలిసినవాళ్ల అబ్బాయి" అని మొదలుపెట్టినా అవతలివాళ్లు వింటారు.